వానలకు ముందే తెలుసుకోండి: పెరట్లో దెబ్బ తగిలిన పాము, తాబేలు, తొండ కనిపిస్తే

వానలు పడే ముందు అందరం పెరడు శుభ్రం చేసుకుంటాం. గడ్డి కోస్తాం, ఎండాకులు పోగేసి నిప్పు పెడతాం, మూలనున్న కట్టెలు తీసి సర్దుతాం. ఆ గడ్డిలో, ఆ ఆకుల కింద, ఆ కట్టెల సందుల్లో అప్పటిదాకా ఎవరి జోలికీ పోకుండా బతుకుతున్న ప్రాణులుంటాయి. నేను చూసిన గాయాల్లో చాలావరకు ఈ పనుల్లో తగిలినవే. అందుకే ఈ విషయాలు ముందే తెలిసి ఉండాలి. ఎదురుగా రక్తం కనిపిస్తున్నప్పుడు ఎవరికీ ఆలోచన తోచదు.

నాకూ తోచలేదు. కొన్నేళ్ల కిందట ఒక తొండ గడ్డి కోసే మిషన్‌కు తగిలింది. నడుము దగ్గర చర్మం చీలింది, నోరు తెరిచి రొప్పుతోంది. దాహం వేస్తోందేమోనని దూది తడిపి దాని నోట్లో నీళ్లు పిండాను. రెండుసార్లు గుటక వేసినట్టు చేసింది. ముక్కు దగ్గర చిన్న బుడగ వచ్చింది, అంతే, ఆగిపోయింది. వీటికి గాలి పోయే దారి నోటి అడుగున, నాలుక వెనకాలే తెరుచుకుంటుందని తర్వాత ఒక పశువైద్యుడు చెబితే తెలిసింది. మనం పోసే నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఎక్కువ. ఆ రోజు నీళ్లు పోయకుండా ఉండాల్సిందని ఇప్పటికీ బాధగా ఉంటుంది. కాబట్టి దెబ్బ తగిలిన ఏ పాకే ప్రాణి నోట్లోనూ నీళ్లు, పాలు, మందు, తిండి ఏదీ పెట్టకండి.

పనికి దిగే ముందు

గడ్డి కోసే రోజు ముందుగా ఒక పొడవాటి కర్రతో గడ్డిని కదుపుతూ, నేలను తడుతూ ఒకసారి చుట్టూ నడవండి. కాళ్లకు బూట్లు ఉండాలి. అదిరే నేల వాటికి మంచి హెచ్చరిక. కోయడం మధ్యలో మొదలుపెట్టి బయటికి రండి. అంచుల నుంచి లోపలికి కోసుకుంటూ పోతే లోపలున్నవి పారిపోవడానికి దారి దొరకదు. బ్లేడు కొంచెం ఎత్తులో పెట్టుకోండి. ఎండాకుల కుప్ప తగలబెట్టక తప్పదనుకుంటే, నిప్పు పెట్టే రోజే దాన్ని కర్రతో వేరే చోటికి జరిపి మరీ పెట్టండి. ముందు రోజు జరిపితే రాత్రికి మళ్లీ వచ్చి చేరతాయి. మొక్కల మీద కప్పిన వల పని అయిపోగానే తీసి చుట్టేయండి. తొట్టిలో, నీళ్ల గుంటలో ఒక ఏటవాలు చెక్క వేసి ఉంచితే పడినవి ఎక్కి వస్తాయి.

ఇంట్లో ఒక మూల ఇవి సిద్ధంగా ఉంచుకోండి: మూత ఉన్న గట్టి అట్టపెట్టె, దానికి పెన్సిల్ మొనంత గాలి రంధ్రాలు, రెండు పాత తువ్వాళ్లు, మందపాటి గ్లవ్స్, పెట్టె మీద కప్పడానికి దోమతెర ముక్క. అన్నిటికంటే ముఖ్యం ఫోన్ నంబర్లు. అటవీ శాఖ, శిక్షణ ఉన్న పాములు పట్టేవాళ్లు, పాకే ప్రాణులకు వైద్యం తెలిసిన పశువైద్యుడు, ఈ మూడూ ఇవాళే ఫోన్‌లో సేవ్ చేసుకోండి. కుక్కలనూ పిల్లులనూ చూసే డాక్టర్లందరూ వీటిని చూడరు. ముందే అడిగి తెలుసుకుంటే ఆ రోజు అరగంట కలిసొస్తుంది.

పాము అయితే చేతులు వద్దు

పాము విషయంలో నా మాట ఒక్కటే. చిన్నదైనా, విషం లేదని మీకు గట్టిగా అనిపించినా, చచ్చిపోయినట్టు కనిపించినా ముట్టుకోకండి. నొప్పితో ఉన్న పాము మామూలు పాము కంటే త్వరగా కాటేస్తుంది. 2018లో అమెరికాలోని టెక్సస్‌లో ఒకాయన పెరట్లో కనిపించిన విషసర్పం తల నరికాడు. ఆ తెగిన తలను తీసి పారేయబోతే అది కరిచి, ఆయన ప్రాణం మీదికి వచ్చింది. పాము కాటు వల్ల ప్రపంచంలో ఏటా 81,000 నుంచి 1,38,000 మంది దాకా చనిపోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. సాయం చేయబోయి ఆ లెక్కలో చేరే అవసరం ఎవరికీ లేదు.

మరి ఏం చేయాలి? మూడు మీటర్లు వెనక్కి జరగండి. పిల్లల్నీ కుక్కనూ లోపలికి పంపండి. పాము మీద కన్ను వేసి ఉంచుతూ ఫోన్ చేయండి. అది గదిలో ఉంటే తలుపు మూసి, కింది సందులో తువ్వాలు కుక్కండి. దూరం నుంచి జూమ్ చేసి ఒక ఫొటో తీస్తే వచ్చేవాళ్లకు ఉపయోగపడుతుంది.

వలలో చిక్కుకున్న పామును చూస్తే ఎవరికైనా మనసు ఆగదు. దాని పొలుసులు వెనక్కి వాలి ఉంటాయి, అందుకే వెనక్కి రాలేదు. ముందుకు తోసుకున్నకొద్దీ దారం ఇంకా లోతుగా దిగుతుంది. మీరు పట్టి లాగితే చర్మమే ఊడొస్తుంది. సహాయం వచ్చేదాకా మీరు చేయగలిగిన మంచి పని నీడ. ఎండ వచ్చే వైపున, పాముకు అందనంత దూరంలో, ఒక బల్లనో రేకునో అడ్డంగా నిలబెట్టండి. వీటికి చెమట పట్టదు, ఎండలో కదల్లేక పడి ఉంటే గాయం కంటే ముందు వేడే చంపేస్తుంది.

ఒక్కోసారి గాయం ఏమీ ఉండదు. కళ్లు పాలరంగులోకి మారి, ఒళ్లు మసకబారి, మందకొడిగా పడి ఉంటే అది కుబుసం విడవబోతోందని అర్థం. దాని మానాన దాన్ని వదిలేయండి.

ఎంత జాగ్రత్తగా ఉన్నా కాటు పడితే ఆ చెయ్యి లేదా కాలు కదలకుండా చెక్కతో కట్టి, ఉంగరాలు, గాజులు, వాచీ తీసేసి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. పైన బిగించి కట్టడం, కోయడం, నోటితో పీల్చడం, పామును వెతికి పట్టుకెళ్లడం, ఇవేవీ చేయకూడదు.

తాబేలు చిప్ప పగిలితే

చిప్ప అంటే తాబేలు వేసుకున్న కవచం అనుకుంటాం. అది దాని వెన్నెముక, పక్కటెముకలు కలిసిపోయిన ఎముకే. అందులో రక్తం ఉంటుంది, నరాలుంటాయి, నొప్పి ఉంటుంది. చూడ్డానికి భయంకరంగా పగిలిన చిప్ప కూడా సరైన వైద్యం అందితే అతుక్కోగలదు. అందుకే పగిలింది కదా, ఇక పోయినట్టే అని వదిలేయకండి.

ఎత్తేటప్పుడు ముందు కాలికీ వెనక కాలికీ మధ్య, చిప్పకు రెండు పక్కలా రెండు చేతులతో పట్టుకోండి. నేలకు దగ్గరగానే ఉంచండి, కాళ్లు విదిలిస్తే జారిపోతుంది. మెత్తటి చిప్ప తాబేలు జోలికి మాత్రం చేతులతో వెళ్లొద్దు. దాని మెడ చాలా పొడవు, పక్కకు తిప్పి మీ వేలిని అందుకుంటుంది. ఏ తాబేలునూ వెల్లకిలా పడుకోబెట్టకండి, లోపలి అవయవాల బరువు ఊపిరితిత్తుల మీద పడుతుంది. ఆ ఊపిరితిత్తులు చిప్ప పైభాగం కిందే ఉంటాయి. పైన పగులు కనిపిస్తే అది లోపలిదాకా తెరుచుకుని ఉండొచ్చు. కాబట్టి నీళ్ల తాబేలే అయినా నీళ్లలో వేయొద్దు, పగులు మీద నీళ్లు పోయొద్దు. ఫెవిక్విక్, ఎంసీల్ లాంటివి పెట్టి అతికించడం అన్నిటికంటే పెద్ద పొరపాటు. మురికి లోపలే ఉండిపోయి చీము పడుతుంది. ఊడిన చిప్ప ముక్కలుంటే శుభ్రమైన గుడ్డలో చుట్టి డాక్టర్‌కు ఇవ్వండి.

ఆడ తాబేలు చనిపోయినా కడుపులో గుడ్లు బతికి ఉండొచ్చు, అందుకని దాన్ని కూడా తీసుకెళ్లండి. నేల తవ్వేటప్పుడు గుడ్లు బయటపడితే తిప్పకండి. పెట్టిన ఒక రోజులోనే లోపలి పిండం పెంకుకు అతుక్కుంటుంది, తలకిందులైతే చచ్చిపోవచ్చు. పైవైపు పెన్సిల్‌తో చిన్న గుర్తు పెట్టి, తీసిన మట్టి అలాగే కప్పేసి, అటవీ శాఖకు చెప్పండి.

బల్లి, తొండ, ఉడుము

బల్లి తోక తెగితే కంగారు పడక్కర్లేదు. అది తనే వదిలేసింది, రక్తం పెద్దగా రాదు, మళ్లీ మొలుస్తుంది. తొండ, ఉడుము అలా కాదు, వాటి తోక తెగితే నిజంగా గాయమే. పిల్లి నోట్లో పడి బయటపడిన బల్లి, తొండ పైకి బాగానే కనిపిస్తాయి. పిల్లి పంటి గాట్లు సూది మొనంత ఉంటాయి, వాటితో లోపలికి పోయిన బ్యాక్టీరియా రెండు మూడు రోజుల్లో చంపేయొచ్చు. వాటికి కూడా డాక్టర్ కావాలి. ఉడుము దగ్గరికి మాత్రం పాము దగ్గరికి వెళ్లనట్టే వెళ్లకండి, గోళ్లూ తోకా రెండూ గట్టి దెబ్బే కొడతాయి.

ఎలుకల కోసం పెట్టిన జిగురు అట్టకు బల్లి అంటుకుంటే ఓపిక కావాలి. ముందు మిగిలిన జిగురు మీద కాగితం ముక్కలు పరవండి, లేకపోతే విడిపించిన కాలు మళ్లీ అంటుకుంటుంది. తర్వాత ఇయర్ బడ్‌ను వంటనూనెలో ముంచి, ఒక్కో చుక్క జిగురుకూ చర్మానికీ మధ్య పెట్టి, బడ్‌ను మెల్లగా దొర్లిస్తూ ఉండండి. గడ్డం, పొట్ట, చివరికి కాలి వేళ్లు. లాగొద్దు, జిగురే వదలాలి. ముక్కు రంధ్రాల దగ్గరికి నూనె పోనివ్వొద్దు. కిరోసిన్, పెట్రోల్ అసలు వాడొద్దు. నేను విడిపించిన చిటికెన వేలంత బల్లికి నలభై నిమిషాలు పట్టింది. చివరి వేలు ఊడొచ్చినప్పుడు అది నా మణికట్టు మీదికి ఎక్కి, కదలకుండా కూర్చుంది. అట్టకు అంటుకున్నది పాము అయితే ఇదంతా మీ పని కాదు, ఫోన్ చేయండి.

డాక్టర్ దగ్గరికి చేరేలోపు

పెట్టెలో తువ్వాలు పరిచి, ప్రాణిని ఉంచి, మూత వేసి, చీకటిగా, నిశ్శబ్దంగా ఉన్న గదిలో పెట్టండి. మామూలు గది వేడి చాలు. ఎండలో, ఫ్రిజ్ పక్కన, ఏసీ ఎదురుగా పెట్టొద్దు. గాయం తెరిచి ఉంటే ఈగలు కొన్ని గంటల్లోనే గుడ్లు పెడతాయి, దోమతెర కప్పడం మరిచిపోకండి. ఇంట్లో ఉన్న ఆయింట్‌మెంట్లు, పొడులు, నొప్పి మాత్రలు ఏవీ వద్దు. పశువులకు వాడే ఐవర్‌మెక్టిన్ తాబేళ్లను చంపేస్తుంది. ఎలా ఉందోనని గంటకోసారి మూత తీసి చూడకండి, ప్రతిసారీ అది భయంతో బిగుసుకుపోతుంది. తాకిన ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోండి. ఆరోగ్యంగా ఉన్న పాకే ప్రాణుల్లో కూడా సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా ఉండొచ్చు, చిన్న పిల్లలకు అది ప్రమాదం.

కదలడం లేదని చచ్చిపోయిందనుకోకండి. వీటి గుండె చాలా నెమ్మదిగా కొట్టుకుంటుంది, చల్లబడినప్పుడు ఇంకా నెమ్మది. తేల్చాల్సింది డాక్టరే.

బతికితే కోలుకోవడానికి వారాలు, చిప్ప పగిలిన తాబేలుకు నెలలు పడుతుంది. అడవి ప్రాణిని ఇంట్లో ఉంచుకోవడం చాలా దేశాల్లో నేరం కూడా, కాబట్టి ఆ కాలమంతా అది తెలిసినవాళ్ల దగ్గరే ఉండాలి. మీరు చేయాల్సింది ఒకటుంది. అది ఎక్కడ దొరికిందో ఆ చోటును మొదటి రోజే రాసి వాళ్లకు ఇవ్వండి. రోడ్డు మీద దొరికితే ఎటు వెళ్తోందో కూడా రాయండి. తాబేలుకు తన నీళ్లు, తన దారి గుర్తుంటాయి. కొత్త చోట వదిలితే వాటిని వెతుక్కుంటూ మళ్లీ రోడ్డెక్కుతుంది.