ఫ్లాట్ కొనే ముందు నెలనెలా పడే ఖర్చు లెక్క తేల్చుకోవడం ఎలా?

అనంతపురంలో ఫ్లాట్ చూడ్డానికి వెళ్తే మెయింటెనెన్స్ గురించి బ్రోకర్ చెప్పే మాట ఒక్కటే: “ఏముంది సార్, నెలకు పదిహేను వందలు.” అందులో ఏమేం కలిశాయో, ఏమేం కలవలేదో మనమే తవ్వి తీయాలి.

మొదట అసోసియేషన్ సెక్రటరీని కలవండి. అమ్మేవాళ్లు ఆయన నంబరు ఇవ్వడానికి నసిగితే అక్కడే అనుమానించొచ్చు. గడిచిన పన్నెండు నెలల జమాఖర్చులు చూపించమనండి. చిన్న అపార్ట్‌మెంట్లలో అది మామూలు లాంగ్ నోట్‌బుక్కే. మా బావమరిది సాయినగర్‌లో ఒక ఫ్లాట్ చూసినప్పుడు జనవరి పేజీలో వాచ్‌మన్ జీతం, లిఫ్టు సర్వీసు, కామన్ మీటరు కరెంటు బిల్లు, ఫినాయిల్, అంతే. మే పేజీ తిప్పితే పై నుంచి కింది దాకా ‘ట్యాంకర్’, ‘ట్యాంకర్’, ‘ట్యాంకర్’, మధ్యలో ‘బోరు మోటారు పైకి తీసిన కూలీ’. ఆ నెల ఒక్కో ఇంటికి మామూలు మెయింటెనెన్స్‌కు రెట్టింపు పైనే పడింది. మన ఊళ్లో ఫ్లాట్ ఖర్చంటే సగం నీళ్ల ఖర్చే కాబట్టి ఎండాకాలం పేజీలు చూడకుండా లేవొద్దు. కిందికి దిగేటప్పుడు వాచ్‌మన్‌నూ ఒక మాట అడగండి, మున్సిపల్ నీళ్లు ఎన్నిరోజులకోసారి వస్తాయి, బోరు ఎండాకాలం నిలుస్తుందా అని. పుస్తకంలో లేనిది ఆయన చెప్తాడు.

తర్వాత కట్టేవాళ్లెందరో లెక్కపెట్టండి. పన్నెండు ఫ్లాట్లు, నెల ఖర్చు 24,000 అంటే ఇంటికి 2,000. అమ్ముడుపోని మూడు ఫ్లాట్లకు బిల్డర్ కట్టకపోతే మిగతా తొమ్మిది మందికి దాదాపు 2,670 చొప్పున పడుతుంది.

కార్పస్ ఫండ్, అంటే పెద్ద రిపేర్ల కోసం అసోసియేషన్ దాచిపెట్టే డబ్బు, బ్యాంకులో ఎంతుందో పాస్‌బుక్‌లో చూడాలి, నోటిమాట వద్దు. అది ఖాళీగా ఉండి లిఫ్టు పాతదైతే రేపు రిపేరు డబ్బులు మన జేబులోంచే. కొత్త బిల్డింగ్ అయితే, అసోసియేషన్‌కు అప్పగించేదాకా మెయింటెనెన్స్ చూడాల్సింది బిల్డరే; న్యాయమైన చార్జీ మాత్రమే తీసుకోవాలని 2016 రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం చెప్తుంది. ఆ చార్జీ ఎంతో అగ్రిమెంట్‌లో రాయించుకోండి.

ఆస్తిపన్ను ఆరు నెలలకోసారి పడుతుంది. పన్ను రసీదు మీదుండే అసెస్‌మెంట్ నంబరు తీసుకుంటే బకాయి ఆన్‌లైన్‌లోనే తెలుస్తుంది. ఏడాది పన్ను మొత్తం ఏప్రిల్ 30 లోపు కడితే 5 శాతం తగ్గింపు ఉంటుంది, అది వేరే సంగతి. కరెంటు సర్వీసు నంబరుతో ఎస్పీడీసీఎల్ (కరెంటు పంపిణీ సంస్థ) బిల్లు కూడా చూసుకోండి, ఫ్లాట్‌దే కాదు, కామన్ మీటరుది కూడా. జీఎస్టీ గురించి టెన్షన్ పడొద్దు, నెలకు ఒక్కొక్కరి మెయింటెనెన్స్ 7,500 దాటితేనే ఆ ప్రశ్న వస్తుంది.

చాలామంది ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్, రిజిస్ట్రేషన్ ఆఫీసు ఇచ్చే పత్రం) తీసుకుని అంతా క్లియర్ అనుకుంటారు. ఈసీలో రిజిస్టరైన లావాదేవీలే కనిపిస్తాయి, పాత ఓనరు రెండేళ్లుగా ఎగ్గొట్టిన మెయింటెనెన్స్ కనిపించదు. అందుకే బకాయిలేమీ లేవని సెక్రటరీ సంతకంతో నో డ్యూస్ లెటర్ అడగండి, అదీ అడ్వాన్సు ఇచ్చే ముందే. రిజిస్ట్రేషన్ రెండు మూడు నెలలు వెనక్కి జరిగితే కొత్త తేదీతో ఇంకోటి రాయించుకోండి, ఆ మధ్య నెలల మెయింటెనెన్స్ ఎవరూ కట్టి ఉండకపోవచ్చు.