సాలీడంటే భయం పోగొట్టుకుని, దాన్నే పెంచుకోవడం ఎలా?

సాలీడును చూస్తే వణికిపోయేవారికి "అదేమీ చేయదులే" అని ఎంత చెప్పినా ఉపయోగం లేదు. ఆ సంగతి వారికీ తెలుసు. అయినా పారిపోతారు. పారిపోగానే కలిగే ఊరటే భయాన్ని బతికిస్తుంది. ఎదురుగా ఉన్నా ఏమీ కాలేదని, గుండెదడ దానంతట అదే తగ్గిందని స్వయంగా అనుభవించాలి. మార్గం ఇదే.

ముందుగా మీ భయాన్ని మెట్లుగా రాసుకోండి. సాలీడు బొమ్మ గీయడం, ఫొటో చూడడం, కదిలే వీడియో చూడడం, మూత పెట్టిన గాజు సీసాలో సాలీడు గది అవతలి మూలన ఉండడం, ఆ సీసా దగ్గరకు రావడం, చేత్తో పట్టుకోవడం. ఒక్కో దానికి సున్నా నుంచి వంద వరకు మార్కులు వేయండి. తక్కువ మార్కులున్న దానితో మొదలుపెట్టి, భయం సగానికి తగ్గేదాకా అక్కడే ఉండండి. భయం పతాకస్థాయిలో ఉండగా వెనక్కి తిరగవద్దు. అంత కష్టమైతే కింది మెట్టుకు దిగి మళ్లీ ప్రయత్నించండి. పక్కన ఓర్పుగల మనిషి ఉంటే మంచిది. కానీ ఆటపట్టించడానికి మీ మీద సాలీడు విసిరేవారు మాత్రం వద్దు, ఆ ఒక్క పనితో మీ శ్రమంతా వృథా అవుతుంది.

స్వీడన్ మనస్తత్వ శాస్త్రవేత్త లార్స్ గోరాన్ ఓస్ట్ 1989లో ఇటువంటి భయాలకు ఒకే విడతలో, గరిష్ఠంగా 3 గంటల్లో ముగిసే చికిత్సను వివరించారు. అది శిక్షణ పొందినవారి సమక్షంలో జరగాల్సింది. భయంతో ఊపిరాడకపోవడం, రోజువారీ పనులు ఆగిపోవడం ఉంటే మీరూ నిపుణులనే కలవండి.

భయం అదుపులోకి వచ్చాక, పెంపకానికి గెంతే సాలీడును ఎంచుకోమని నా సలహా. ఈ కుటుంబంలో 6,000కు పైగా జాతులున్నాయి. చాలావరకు రెండు సెంటీమీటర్లు దాటవు. ముందున్న రెండు పెద్ద కళ్లతో మనవైపు తిరిగి చూస్తాయి. ఆ చూపు చూశాక మనసు మెత్తబడని వారు అరుదు! గాలి ఆడే పారదర్శకమైన డబ్బా, లోపల ఎక్కడానికి పుల్లలు, తాగడానికి గోడమీద చిలకరించిన కొన్ని నీటిచుక్కలు, తినడానికి చిన్న ఈగలు చాలు. ఇవి సాధారణంగా పైభాగాన పట్టుగూడు అల్లుకుంటాయి. మూత పైన ఉంటే తీసినప్పుడల్లా గూడు చిరుగుతుంది కనుక తలుపు పక్కనో కిందనో ఉండాలి.

ఒళ్లంతా వెంట్రుకలుండే పెద్ద సాలీడు, టరాంటులా కావాలనిపిస్తే తొందరపడవద్దు. ఆడవి 20 ఏళ్లకు పైగా బతకగలవు. అడవిలో పట్టినవి కాక, పెంపకంలో పుట్టినవే తీసుకోండి. కొన్ని జాతుల వ్యాపారంపై అంతర్జాతీయ నియంత్రణ ఉంది. మీ దేశ చట్టాలనూ ముందే చూసుకోండి. కొత్తవారికి అమెరికా ఖండాల నేలజాతులు నయం. ఆసియా, ఆఫ్రికా జాతులు ఎక్కువ వేగంగా కదులుతాయి, వాటి కాటు తీవ్రంగా బాధిస్తుంది. అమెరికా జాతుల్లో చాలావాటికి పొట్టమీద దురద పుట్టించే వెంట్రుకలుంటాయి. వాటిని కాళ్లతో రాల్చి ఎగజల్లుతాయి. కంట్లో పడితే ప్రమాదం. డబ్బా శుభ్రం చేశాక చేతులు కడుక్కోకుండా ముఖం తాకవద్దు.

నేలజాతుల డబ్బా ఎత్తుగా ఉండకూడదు. కొద్ది ఎత్తునుంచి పడినా పొట్ట పగిలి చనిపోవచ్చు. అందుకే చేతిలోకి తీసుకోవడం దానికి మేలు కాదు. కొబ్బరి పొట్టు మందంగా పరిచి, దాక్కునేందుకు చాటు, నీళ్ల పళ్లెం పెట్టండి. వేడి దీపం అక్కరలేదు, అది డబ్బాను ఎండబెడుతుంది. సాలీడు పొట్టకంటే పెద్దదైన కీచురాయిని మేతగా వేయకండి.

వారాల తరబడి తినడం మానేసి, ఒకరోజు వెల్లకిలా పడుకుంటే చనిపోయిందనుకోకండి. కుబుసం విడుస్తోంది. కదిలించవద్దు. డబ్బా లోపల మేతగా వేసిన పురుగు బతికుంటే, సాలీడును కదల్చకుండానే ఆ పురుగును తీసేయండి, లేకపోతే అది సాలీడు మెత్తటి ఒంటిని కొరికేస్తుంది. కొత్త కోరలు మొదట తెల్లగా ఉంటాయి. అవి నల్లగా గట్టిపడ్డాకే మళ్లీ మేత వేయండి.