పదును వానకు ముందే: పంట నమోదు జాగ్రత్తలు

పక్క మండలంలో ఒక గుత్త (కౌలు) రైతు శెనక్కాయ వేశాడు. పంట నమోదు రికార్డులో చూస్తే ఆముదం. నిరుటి జాబితానే ఈ ఏడూ ఎక్కించేశారు. పేరు కూడా బెంగళూరులో ఉండే భూమి యజమానిదే. బీమా అడగడానికి రైతు చేతిలో ఉన్నది విత్తనాల రసీదొక్కటే.

ఖరీఫ్‌కు ముందు రైతు సేవా కేంద్రాల సిబ్బందికి, సర్పంచులకు చెబుతున్నా. ఆధార్, సర్వర్ గోల అందరికీ తెలిసిందే, వదిలేద్దాం. రైతును ముంచేది చేను చూడకుండా పంట రాయడం. అనంతపురంలో అది మరీ ప్రమాదం. జూన్, జూలైలో పదునైతే శెనక్కాయ పడుతుంది. వాన ఆగస్టుకు జరిగితే అదే చేలో కొర్ర, ఉలవ, ఆముదం. పైనుంచి నమోదు నూరు శాతం ఎప్పుడవుతుందని ఫోన్లు వస్తాయి. ఆఫీసులో కూర్చుంటే రెండు రోజుల్లో అవుతుంది, అదే భయం.

గుత్త, కోరు (పంటలో వాటా) ఒప్పందాలు మన దగ్గర చాలావరకు నోటిమాటే. 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం కింద గుత్త రైతుకు ఇచ్చే సాగు హక్కు పత్రం 11 నెలలకే చెల్లుతుంది, దానితో యజమాని హక్కు పోదు. ఈ సంగతి విత్తనం పడకముందే యజమానికి చెప్పి సంతకం తీసుకోవాలి. పంట మొలిచాక అడిగితే అనుమానపడతాడు, పడడా మరి?

బీమాలో నూనెగింజలకు ఖరీఫ్‌లో రైతు వాటా 2 శాతం. అది కట్టినంత మాత్రాన పంట నమోదైనట్టు కాదు. బీమాలో, పంట నమోదులో రెండుచోట్లా సర్వే నంబరు, పంట ఒకటే ఉన్నాయో లేదో చూడండి.

ఫోటో చేను నడుమ నిలబడి తీయండి. గెనిమ (గట్టు) మీద నుంచి తీస్తే పక్క నంబరు చేను పడుతుంది. శెనక్కాయలో కంది సాళ్లుంటే కందీ రాయండి. వేలిముద్ర పడని ముసలివాళ్లను చివరి వారానికి పెట్టొద్దు. జాబితా బయటి గోడకు అంటించండి, బీరువా పక్కన కాదు. చదవలేనివాళ్లకు చదివి వినిపించండి. అభ్యంతరం కాగితం మీద తీసుకోండి, తీసుకున్నట్టు రసీదివ్వండి. బీడు చేనుకు శెనక్కాయ రాయమని ఏ పార్టీవాళ్లు చెప్పినా రాయొద్దు. చేను చూడకుండా రైతుతో వేలు వేయించొద్దు. పంట మారితే మళ్లీ చేనుకు పోండి, గడువు ముగియకముందే రికార్డు మార్చండి.