డాష్‌క్యామ్‌కి ఫ్యూజ్ బాక్స్ నుంచి కనెక్షన్: వైరు కోయకుండా చేసే పద్ధతి

డాష్‌క్యామ్‌ని సిగరెట్ లైటర్ సాకెట్‌కి తగిలిస్తే చాలా కార్లలో తాళం తీయగానే అదీ ఆగిపోతుంది. పార్కింగ్‌లో ఎవరు గీకి వెళ్లినా రికార్డు ఉండదు. దీనికి హార్డ్‌వైర్ కిట్ కావాలి, అంటే కెమెరాకి ఫ్యూజ్ బాక్స్ నుంచి కరెంట్ తెచ్చే వైర్ల సెట్టు. అందులో మూడు వైర్లుంటాయి. సాధారణంగా ఎర్ర వైరు తాళం తిప్పితేనే కరెంట్ వచ్చే ఫ్యూజుకి, పసుపు వైరు ఎప్పుడూ కరెంట్ ఉండే ఫ్యూజుకి, నల్లది బాడీ ఎర్త్‌కి వెళ్తాయి. కంపెనీని బట్టి రంగులు మారతాయి, కాబట్టి వైరు మీది లేబుల్‌నే నమ్మండి.

కారు వైరింగ్‌ని మధ్యలో గీకి, చుట్టి, టేప్ వేసే పద్ధతి మాత్రం వద్దు. మన ఎండలకి టేపు జిగురు కరిగి ఊడుతుంది, వారంటీ దగ్గర పేచీ కూడా వస్తుంది. ఫ్యూజు గడిలో దిగి అక్కడినుంచే కొత్త వైరుకి కరెంట్ ఇచ్చే ఫ్యూజ్ ట్యాప్ వాడితే కంపెనీ వైరు ఒక్కటీ కోయక్కర్లేదు, ఎప్పుడైనా తీసేయొచ్చు.

ట్యాప్‌లు కొనేముందు ఒక ఫ్యూజు పీకి సైజు చూడండి. పాత తరహా స్టాండర్డ్ ఫ్యూజు వెడల్పు సుమారు 19 మిల్లీమీటర్లు, మినీ 11, మైక్రో-2 రకం 9. మినీలోనే లో-ప్రొఫైల్ అని ఇంకోటుంది. వెడల్పు అంతే, కాళ్లు మాత్రం బాడీ కిందికి దాదాపు కనిపించవు. సరిపోని ట్యాప్‌ని బలవంతంగా నొక్కితే లోపలి క్లిప్పు విచ్చుకుపోతుంది. తర్వాత అసలు ఫ్యూజు పెట్టినా కాంటాక్ట్ లూజై వేడెక్కుతుంది, ఆ ఖర్చు ట్యాప్ ధరకి ఎన్నో రెట్లు. ట్యాప్‌లు రెండు, 2 లేదా 3 ఆంపియర్ల ఫ్యూజులు రెండు, మల్టీమీటర్, 10 నంబర్ స్పానర్, ప్లాస్టిక్ ట్రిమ్ టూల్ (లోపలి ప్యానెళ్లు ఊడదీసేది), కేబుల్ టైలు ఉంటే పని అయిపోతుంది.

మన కార్లలో లోపలి ఫ్యూజ్ బాక్స్ ఎక్కువగా స్టీరింగ్ కింద కుడివైపున ఉంటుంది. మూత వెనక చార్టుంటుంది గానీ దాన్ని చూసి మాత్రమే కనెక్షన్ ఇవ్వకండి. వేరియంట్ మారితే కొన్ని గడులు ఖాళీగా ఉంటాయి. ఎయిర్‌బ్యాగ్, ఏబీఎస్, పవర్ స్టీరింగ్, ఇంజిన్ ఈసీయూ, ఫ్యూయల్ పంప్, హెడ్‌లైట్ ఫ్యూజుల జోలికి వెళ్లొద్దు. ఎర్ర వైరుకి యాక్సెసరీ సాకెట్ లేదా ఆడియో ఏసీసీ (తాళం తిప్పితేనే కరెంట్ వచ్చే యాక్సెసరీ లైను) ఫ్యూజు, పసుపుకి రూమ్ లైట్ లేదా డోర్ లాక్ ఫ్యూజు మంచివి.

మీటరు డీసీ 20 వోల్టుల రేంజిలో పెట్టి, నల్ల ప్రోబ్‌ని బాడీ మెటల్‌కి ఆనించండి. ఫ్యూజు నెత్తిన కనిపించే రెండు చుక్కల మీద ఎర్ర ప్రోబ్ పెట్టి, తాళం తీసినప్పుడు ఒకసారి, ఆన్‌లో ఒకసారి చూడండి. రూమ్ లైట్ ఫ్యూజు విషయంలో ఇది సరిపోదు. బ్యాటరీ ఆదా కోసం కొన్ని కార్లు లాక్ చేసిన కాసేపటికి ఆ లైనునే కట్ చేస్తాయి. బిగించాక బండి లాక్ చేసి, గంట తర్వాత కెమెరా ఇంకా రికార్డు చేస్తోందో లేదో చూస్తేనే ఖాయం.

ఇప్పుడు ఎక్కువమంది పొరబడే చోటు. ఫ్యూజు తీసేశాక ఆ గడిలో ఒక కాలు దిగే చోట 12 వోల్టులు వస్తుంది, రెండో చోట రాదు. వచ్చేది సప్లై వైపు. ట్యాప్‌లోనూ రెండు కాళ్లలో ఒకటే కొత్త వైరుకి కలుస్తుంది. అదేదో తెలియాలంటే ట్యాప్‌లో అసలు ఫ్యూజు గడి ఖాళీగా ఉంచి, కొత్త ఫ్యూజు మాత్రమే పెట్టి, వైరు చివరకీ ఒక్కో కాలికీ మధ్య కంటిన్యుటీ (కనెక్షన్ ఉంటే మీటరు బీప్ కొట్టే సెట్టింగ్) చూడండి. బీప్ వచ్చిన కాలు సప్లై వైపే దిగాలి. తిరగేసి పెట్టినా కెమెరా పనిచేస్తుంది, అందుకే తప్పు బయటపడదు. కానీ కెమెరా కరెంట్ కూడా అసలు ఫ్యూజు గుండానే పోతుంది. సాకెట్‌కి టైరు పంపు తగిలించిన రోజు రెండు లోడ్లూ కలిసి ఆ ఫ్యూజు ఎగిరిపోవచ్చు.

ట్యాప్‌లో కాళ్ల దగ్గరి గడిలో అసలు ఫ్యూజు, అదే ఆంపియర్లతో పెట్టండి. పై గడిలో 2 లేదా 3 ఆంపియర్లు చాలు, కెమెరా లాగేది 12 వోల్టుల దగ్గర సుమారు 1 ఆంపియరే. ట్యాప్‌తోపాటు వచ్చే 10 ఆంపియర్ల ఫ్యూజు వేయకండి. కిట్ వైరు సన్నది. ఎక్కడైనా రాసుకుని షార్ట్ అయితే ఫ్యూజు పోకముందే వైరు కాలొచ్చు. వైర్లు క్రింప్ చేశాక గట్టిగా లాగి చూడండి, ఊడితే మళ్లీ చేయండి.

ఎర్త్‌కి బాడీ రేకులోకి దిగే బోల్టు వెతకండి, ప్లాస్టిక్‌లోకి దిగేది పనికిరాదు. బోల్టుకీ బ్యాటరీ నెగటివ్‌కీ మధ్య రెసిస్టెన్స్ అర ఓమ్ లోపు ఉండాలి. పెయింట్ అడ్డొస్తే కిట్‌కి వోల్టేజీ తక్కువగా కనిపించి, బ్యాటరీ బాగున్నా కటాఫ్ (బ్యాటరీ దిగిపోకుండా కిట్ కెమెరాని ఆపేసే వోల్టేజీ హద్దు) ముందే పడిపోతుంది. ఎయిర్‌బ్యాగ్ ఎర్త్ ఉన్న బోల్టు ముట్టుకోకండి.

వైరు పరిచే ముందు బ్యాటరీ నెగటివ్ తీసి కొన్ని నిమిషాలు ఆగండి. తిరిగి పెట్టాక గడియారం, ఆటో విండోలు రీసెట్ చేయాల్సి రావచ్చు. కెమెరా వైరు రూఫ్ లైనింగ్ అంచులోంచి ఏ-పిల్లర్ (ముందు అద్దం పక్కన ఉండే స్తంభం) మీదుగా కిందికి వస్తుంది. కర్టెన్ ఎయిర్‌బ్యాగ్ (పక్క కిటికీల మీదుగా తెరుచుకునేది) ఉన్న కార్లో వైరు దాని వెనకే పోవాలి, ముందునుంచి పోతే బ్యాగ్ తెరుచుకునేటప్పుడు అడ్డుపడుతుంది. అక్కడున్న కంపెనీ వైరింగ్ కట్టకి టై వేయండి. క్లచ్, బ్రేకు పెడల్ దగ్గర వైరు వేలాడకూడదు.

కిట్‌లో కటాఫ్ సాధారణంగా 11.8, 12.0, 12.2 వోల్టులుగా ఉంటుంది. చిన్న పెట్రోల్ కార్లలో 35 ఆంపియర్ అవర్ బ్యాటరీలు మామూలే, వాటికి 12.2 పెట్టండి. ఆ వోల్టేజీ దగ్గర లెడ్ యాసిడ్ బ్యాటరీలో సుమారు సగం ఛార్జే మిగులుతుంది. బండి ఆపి ఉన్నప్పుడు రికార్డు చేసే పార్కింగ్ మోడ్ 0.3 ఆంపియర్లు లాగితే రోజుకి 7 ఆంపియర్ అవర్లు పోయినట్టే. వారానికోసారి తీసే బండైతే పార్కింగ్ మోడ్ ఆపేయడమే మేలు.

తాళం తీసినా పార్కింగ్ మోడ్‌కి మారకపోతే ఎర్ర వైరు కూడా ఎప్పుడూ కరెంట్ ఉండే ఫ్యూజుకే ఇచ్చారేమో చూడండి. తాళం తీయగానే కెమెరా పూర్తిగా ఆగిపోతే ఎరుపు, పసుపు తారుమారయ్యాయేమో చూడండి. స్టార్ట్ చేసేటప్పుడు ఒకసారి రీస్టార్ట్ కావడం మాత్రం తప్పు కాదు, సెల్ఫ్ కొట్టినప్పుడు ఏసీసీ లైను క్షణం ఆగుతుంది. ఎఫ్ఎం రేడియోలో కొత్తగా గరగర వినిపిస్తే కిట్ డబ్బాని యాంటెన్నా వైరుకి దూరంగా జరిపి కట్టండి.