భర్తను చంపిందని అందరూ అనుమానించే ఆడమనిషి కథ రాస్తున్నారా?

ఏళ్ల తరబడి మొగుడి చేతిలో దెబ్బలు తిన్న మనిషి, ఒక రాత్రి అతను ఇంట్లోనే శవమై పడి ఉన్నాడు, వేళ్లన్నీ ఆమె వైపే. ఇలాంటి సినిమా రాసుకుంటుంటే ముందు కొట్టే సీన్లు తగ్గించండి. ఒక్కటి చాలు, అది కూడా గోడ అవతల వాళ్లకి వినిపించినట్టు. హైదరాబాద్ బోరబండలో మేం అద్దెకున్నప్పుడు పక్క పోర్షన్‌లో చప్పుడు మొదలవగానే పైవాళ్లు టీవీ సౌండ్ పెంచేవాళ్లు, మేమూ తలుపు తట్టలేదు. ఆ టీవీ సౌండ్ ఇప్పటికీ నన్ను వదల్లేదు.

ఇక అసలు పని అనుమానం. ఇన్సూరెన్స్ పాలసీ, ప్రియుడు లాంటివి వద్దు. ఆ కాపురం ఆమెకి నేర్పిన అలవాట్లే ఆమె మీద సాక్ష్యాలవ్వాలి. గొడవైన ప్రతిసారీ పిల్లలు లేచేలోపు నేల తుడిచేది, ఆ రాత్రి కూడా తుడిచింది, ఎస్సైకి మాత్రం అది సాక్ష్యం చెరిపేయడం. ఏడిస్తే ఇంకో దెబ్బ పడేది కాబట్టి ఏడుపు మానేసింది, అందుకే శవం పక్కన కళ్లు పొడిగా ఉన్నాయి. 100కి కాకుండా అక్కకి ఫోన్ చేసింది, ఎందుకంటే అంతకుముందు స్టేషన్‌కి వెళ్తే సర్దుకుపొమ్మని పంపేశారు.

చట్టం తప్పు రాయకండి. నేరం 2024 జూలై 1న గానీ ఆ తర్వాత గానీ జరిగితే ఎస్సై నోట పాత ఐపీసీ సెక్షన్ 302 రాకూడదు, హత్యకి భారతీయ న్యాయ సంహితలో 103. మామూలుగా చీకటి పడ్డాక ఆడవాళ్లని అరెస్టు చేయరు, తప్పనిసరైతే మహిళా అధికారి రాతపూర్వకంగా మేజిస్ట్రేట్ అనుమతి తీసుకోవాలి. అందుకని అర్ధరాత్రి జీపెక్కించే సీన్ తీసేయండి, తెల్లారేదాకా ఆమె ఇంట్లోనే ఉంటుంది, గుమ్మంలో కానిస్టేబుల్, ఎదురుగా అత్త. ఆ కొన్ని గంటల్లో సగం సినిమా ఉంది! అరెస్టయ్యాక 24 గంటల్లోపు మేజిస్ట్రేట్ ముందు హాజరు, రిమాండైతే చంచల్‌గూడ మహిళా జైలు. పోలీసుల దగ్గర 'నేనే చంపాను' అన్నా ఆ ఒప్పుకోలు ఆమె మీద రుజువుగా చెల్లదు, కాబట్టి క్లైమాక్స్ దాని మీద పెట్టొద్దు.

నిజంగా ఆమే చంపితే లాయర్ ఏమంటాడు? తీవ్రమైన, ఆకస్మికమైన కవ్వింపులో చేస్తే అది హత్య కిందికి రాకపోవచ్చు, కానీ ఏళ్లుగా నలిగిన మనిషి చాలాసార్లు అతను నిద్రపోయాకే చేయెత్తుతుంది, అప్పుడు 'ఆకస్మికం' ఎక్కడ? 1989లో మద్రాస్ హైకోర్టు ఒక కేసులో ఎన్నాళ్లుగానో పేరుకున్న కవ్వింపుని కూడా లెక్కలోకి తీసుకుంది. మీ కోర్టు సీన్‌కి బలం ఇక్కడుంది, అరుపుల్లో కాదు. నాంపల్లి కోర్టులో ఒక రోజంతా వెనక బెంచీలో కూర్చుని చూడండి, వాయిదా ఎంత నెమ్మదిగా, ఎంత చిన్న గొంతుతో పడుతుందో తెలుస్తుంది.

ఎవరైనా తన గతం మీకు చెబితే ఊరు, వీధి, పిల్లల సంఖ్య మార్చేసి రాయండి. ఆమెని కొట్టిన మనిషి బతికే ఉండొచ్చు, మీ సినిమా చూడొచ్చు.