వేట గుర్రానికి కళ్లెం మార్చే ముందు జాగ్రత్తలు

ఐర్లండ్‌లో శీతాకాలపు వేటకు వెళ్లే బలమైన గుర్రం, ముందు పరుగెత్తే గుర్రాలను చూడగానే రౌతు చేతులను లాగేస్తుంది. అంతమాత్రాన కఠినమైన కళ్లెం కొనకండి.

– ముందు గుర్రాల దంతవైద్యుడికి నోరు చూపించండి. పదునెక్కిన దవడ పళ్లు, వుల్ఫ్ టూత్ అనే చిన్న పన్ను, పెదవుల మూలల్లో పుండ్లు ఉంటే ఆ నొప్పికే గుర్రం మరింత లాగుతుంది. జీను వీపును ఒరుస్తోందేమో కూడా చూడాలి.

– దాణా ఎక్కువై, పని తక్కువైందా?

– నోటి కడ్డీ ఇరువైపులా సుమారు 5 మిల్లీమీటర్లు బయటికి ఉండాలి.

– తల దించి లాగే గుర్రానికి సాధారణంగా గ్యాగ్ (పగ్గం లాగితే నోట్లో పైకి జరిగి తలను ఎత్తించే కళ్లెం) ప్రయత్నిస్తారు. పెల్హామ్ (నోటి కడ్డీకి రెండు పక్కలా కాడలు, గడ్డం కింద గొలుసు ఉండే కళ్లెం) ఎంచుకుంటే రెండు జతల పగ్గాలే మేలని నా అభిప్రాయం; కింది పగ్గాన్ని అవసరమైనప్పుడే అందుకోవచ్చు. గడ్డం కింది గొలుసు మెలికలు లేకుండా ఆనాలి, పక్క కాడ సుమారు 45 డిగ్రీలు తిరిగాకే బిగియాలి.

– కొత్త కళ్లెంతో నేరుగా వేటకు వెళ్లవద్దు. ముందు ఒంటరిగా, తర్వాత ఇతర గుర్రాల పక్కన పరుగెత్తించి చూడండి. గట్లు, కందకాలు దూకేటప్పుడు మెడ చాచనివ్వాలి. అక్కడ నోరు గుంజితే, పాపం, మరోసారి దూకడానికే భయపడుతుంది.