రాత్రిపూట ఖిల్లాలో, గడీలో ఫొటోలకు వెళ్లే ముందు జాగ్రత్తలు

దేవరకొండ ఖిల్లా కావొచ్చు, మీ ఊరి పాడుబడ్డ గడీ కావొచ్చు, అది ఎవరి చేతిలో ఉందో ముందు కనుక్కోండి. గోడలు కూలినంత మాత్రాన ఓనర్ లేనట్టు కాదు. వనపర్తి ప్యాలెస్‌లో ఇప్పుడు పాలిటెక్నిక్ కాలేజీ ఉంది, అక్కడ అడగాల్సింది ప్రిన్సిపాల్‌ని.

పర్మిషన్ కాగితం మీదే తీసుకోండి. తేదీ, టైమ్, వచ్చేవాళ్ల పేర్లు రాయించండి. మాకు నోటిమాటగా సరే అన్న వాచ్‌మన్ డ్యూటీ దిగిపోయాడు. రాత్రి రెండింటికి కొత్తాయన టార్చ్ మొహం మీద కొట్టి స్టేషన్‌కు ఫోన్ చేశాడు. ట్రైపాడ్ పట్టుకున్న నా చేతులు వణకడం ఇంకా గుర్తుంది.

భారతీయ న్యాయ సంహిత 329వ సెక్షన్ కింద, నేరం చేసే, బెదిరించే, అవమానించే లేదా ఇబ్బంది పెట్టే ఉద్దేశంతో ఇతరుల ఆస్తిలోకి వెళ్తే 3 నెలల దాకా జైలు. ఇల్లు, గుడి లాంటివైతే ఏడాది దాకా. వారెంట్ లేకుండానే అరెస్టు చేయొచ్చు. మీకు ఆ ఉద్దేశం లేదన్నది కోర్టులో చెప్పుకోవాల్సిన మాట. గేటు దగ్గర అర్ధరాత్రి వాదన పెట్టుకోకండి, బయటికి రమ్మంటే వచ్చేయండి. తాళం మాత్రం అస్సలు ముట్టుకోవద్దు.

అరెస్టు చేస్తే కారణం చెప్పాలి, ఇంటివాళ్లకు తెలపాలి, ప్రయాణ సమయం పోను 24 గంటల్లోపు మేజిస్ట్రేట్ ముందు హాజరుపరచాలి. ప్రత్యేక పరిస్థితుల్లో తప్ప ఆడవాళ్లను పొద్దుగూకాక అరెస్టు చేయకూడదు. అప్పుడు కూడా మహిళా ఆఫీసర్ ఉండాలి, మేజిస్ట్రేట్ ముందస్తు అనుమతి కావాలి.

ఐడీ కార్డు జేబులో ఉండాలి. పగలే ఒకసారి వెళ్లి, గడ్డి కప్పేసిన దిగుడుబావి అంచు ఎక్కడుందో చూసి సున్నంతో గీత గీసుకోండి.